కావడిలో కుంపటి: వియత్నాము వీథిభోజన చరిత్ర

హనోయి నగరమున మధ్యాహ్న భోజనవేళ యైనదని తెలిసికొనుటకు గడియారముతో పని లేదు. పదకొండు గంటలు దాటునప్పటికి పాతబస్తీ సందులలో నీలిరంగు పొగ యొకటి లేచి, ఇండ్ల పైకప్పుల వఱకు ప్రాకును. కాలిబాటప్రక్కన నొక స్త్రీ పీటపై కూర్చుండి, ఎడమచేత విసనకఱ్ఱ త్రిప్పుచు, కుడిచేత మాంసపు ముక్కలను కుంపటిపై అటునిటు మార్చుచుండును. కొవ్వుచుక్క నిప్పుకణికపై రాలినప్పుడు చుయ్యిమను చప్పుడు, వెనువెంటనే గుప్పున వాసన. ఆ వాసన ప్రకటనపత్రము వంటిది. గుమాస్తాయు, రిక్షా త్రొక్కువాడును, కళాశాల విద్యార్థియు, మనుమని చేయిపట్టుకొని వచ్చిన ముదుసలియు దానిని చదువుకొని వచ్చి, జానెడెత్తు పీటలపై మోకాలికి మోకాలు తగులునట్లు కూర్చుందురు. వారి నడుమ నొక చిన్న బల్ల. బల్లమీద అందఱకును ఒకే ఆకుకూరల పళ్లెము.

వియత్నాము ప్రజల నిత్యజీవనమున నిట్టి దృశ్యము క్రొత్తది కాదు. కాని యీ చిన్న బల్ల వెనుక వేలయేండ్ల వ్యవసాయము, గ్రామములలోని అంతరువులు, ఒక మహాక్షామము, ఒక దేశవిభజన, ఒక దీర్ఘయుద్ధము నున్నవి. నేటి మన ముచ్చటకు విషయ మదియే. పందిమాంసము ముట్టని గృహములు మన పాఠకులలో పెక్కు గలవని నేనెఱుగుదును. వారిని తినుమనుట నా యుద్దేశము కాదు. ఒక జాతి తన కొద్దిపాటి మాంసమును పదిమందికి ఎట్లు పంచుకొన్నదో తెలిసికొనుటకు ఆ మాంసమును రుచి చూడవలసిన పని లేదు గదా!

ముందుగా వంటకమును పరిచయము చేసికొందము. కాల్చిన పందిమాంసపు భోజనము వియత్నామున ఒక్క తీరుగా నుండదు. మూడు పట్టణములు దానికి మూడు రూపముల నిచ్చినవి. ఉత్తరమున హనోయిలో దానిపేరు బున్ చా. బున్ అనగా బియ్యపు సేమియా. చా అనగా కాల్చిన మాంసము. సన్నగా కోసిన ముక్కలును, కొట్టి బిళ్లలుగా చేసినవియు రెండు విధములు. పూర్వము పచ్చి వెదురుబద్దను నిలువునా చీల్చి, ఆ చీలికలో మాంసమును బిగించి కాల్చెడివారు; వెదురులోని పచ్చితనము మాంసమున కంటుకొని యొక పరిమళ మిచ్చెడిది. నేడు చాలచోట్ల ఆ స్థానమును ఇనుపతీగల జల్లెడ ఆక్రమించినది. కాలిన ముక్కలను చేపనీరు, పులుసు, చక్కెర, వెల్లుల్లి, మిరప కలిపిన గోరువెచ్చని రసములో వేసి యిత్తురు. అందులో పచ్చి బొప్పాయి పలుచని బిళ్లలు తేలుచుండును.

మధ్యదేశమున, 1802 మొదలు 1945 వఱకు న్గుయెన్ చక్రవర్తులకు రాజధానియైన హుయె నగరమున దీనిపేరు నెమ్ లుయి. ఇచట మాంసమును మెత్తగా దంచి, నిమ్మగడ్డి కాడకో వెదురుపుల్లకో మొత్తి కాల్చుదురు. ఇంకను దక్షిణమున, ఖాన్ హోవా మండలములోని నిన్ హోవా పట్టణమున దీనిపేరు నెమ్ నుయోంగ్. దంచిన మాంసములో వెల్లుల్లి, చక్కెర, చేపనీరు, కొంచెము కొవ్వు కలిపి పుల్లలకు చుట్టి కాల్చుదురు. సమీపముననున్న న్యా ట్రాంగ్ రేవుపట్టణము దీనిని దేశమంతటను ప్రసిద్ధము చేసినది. పలుచని బియ్యపురేకును అరచేత పఱచి, దానిపై పాలకూరజాతి ఆకు, పుదీనా, దోసకాయ, అరటికాయ చెక్క పేర్చి, నడుమ పుల్లతో సహా మాంసము నుంచి, రేకును బిగించి పట్టుకొని పుల్లను లాగివేయుదురు. పుల్ల వచ్చును, మాంసము నిలుచును. భోజనానంతరము అంగడిలోని స్త్రీ బల్లపై మిగిలిన పుల్లలను లెక్కించి వెల చెప్పుటయు కలదు. చిట్టా వ్రాయ నక్కఱలేదు, పుల్లలే చిట్టా.

ఈ మూడింటను గమనింపదగినది యొక్కటి కలదు. మాంసము కొంచెము, ఆకు, బియ్యము అధికము. ఒక్కొక్కని పాలికి వచ్చు మాంసము గుప్పెడు దాటదు. పాశ్చాత్యుల భోజనమున మాంసము పళ్లెమంతయు నాక్రమించును. ఇచట నది ఆకుకూరలకును బియ్యమునకును రుచి నిచ్చు పెద్దమనిషి మాత్రమే. ఇట్లేల యైనదని ప్రశ్నించినచో చరిత్ర ద్వారము తెఱచుకొనును.

వియత్నామున పందిపెంపకము బహు ప్రాచీనము. ఉత్తరదేశములోని మాన్ బాక్ అనుచోట త్రవ్వకములలో సుమారు నాలుగువేల యేండ్లనాటి పెంపుడుపందుల ఎముకలు లభించినవి. ఎఱ్ఱనది మైదానము వరిపొలముల దేశము. దున్నుటకు దున్నపోతు కావలెను. దానిని చంపుట పొలమును చంపుకొనుటయే. లీ వంశపు రాజైన లీ న్యాన్ టోంగ్ కాలమున, 1117లో, రాజమాత యీ లాన్ దున్నపోతుల దొంగతనములును వధయు పెరిగిపోవుచున్నవని, పెక్కు కుటుంబము లొక్క దున్నపోతుతో దున్నుకొనవలసి వచ్చుచున్నదని రాజునకు విన్నవించగా, కఠినదండనములు విధింపబడినట్లు ఆ దేశపు రాజవృత్తాంతములు చెప్పుచున్నవి. పంది యట్లు కాదు. అది పొలము దున్నదు. కాని తవుడు, అరటిబోదె, చిలగడదుంప తీగ, చెఱువులోని నాచు తిని పెరుగును. దాని పెంట పొలమున కెరువు. మనుష్యుడు తిననిదానిని మనుష్యుడు తినుదానిగా మార్చు యంత్ర మది. కనుకనే టెట్ అను సంవత్సరాది పండుగకై డోంగ్ హో గ్రామమున అచ్చువేయు రంగుల బొమ్మలలో తల్లిపందియు పిల్లలును సౌభాగ్యమునకు గుర్తుగా నిలిచినవి.

కాని పందిని పెంచిన రైతు పందిని తినెనా? అరుదుగా తినెను. పంది అతనికి రొక్కపు డిబ్బి. పన్ను కట్టవలెనన్నను, పెండ్లి చేయవలెనన్నను దానిని అమ్ముకొనెడివాడు. మాంసము నోటికందునది పండుగకే. టెట్ వచ్చినపుడు నాలుగైదు కుటుంబములు కలిసి ఒక పందిని కోసి పాళ్లు వేసికొను ఆచారము పల్లెలలో నేటికిని గలదు. ఇక గ్రామదేవత కొలువున్న సమష్టిమందిరమున జరుగు విందులందు పంపకము వేఱువిధముగా నుండెడిది. ఎవనికెంత, ఎవనికే భాగము అనునది అంతస్తునుబట్టి నిర్ణయమగును. పందితల గ్రామపెద్దకు, తక్కిన భాగములు వయస్సును, పదవిని, పాండిత్యమును అనుసరించి క్రిందికి దిగును. కడపటివాని కందునది తునకయే. అయినను ఆ తునక దక్కుటయే గౌరవము, దక్కకపోవుట అవమానము. ఇంటిమూల తిన్న గంపెడుకంటె ఊరినడుమ తిన్న ముక్కయే మేలను భావము అచట సామెతగా స్థిరపడినది. ఈ గౌరవమునకై పొలములు తాకట్టు పెట్టిన కుటుంబములు నుండెను. న్గో తాత్ తో అను రచయిత 1940 ప్రాంతమున గ్రామాచారములపై వ్రాసిన వ్యాసములలో, ఒక్క కోడిని అంతస్తు తప్పకుండ అందఱకును తునకలు చేయు నేర్పును వర్ణించి, ఆ దురాచారమును చురుకుగా నెత్తిపొడిచెను.

దీనిని మనసునం దుంచుకొని మరల హనోయి వీథికి పోవుదము. అచట అంతస్తు లేదు. కుంపటియొద్ద ముందు వచ్చినవానిది ముందు ముక్క. పీటలన్నియు నొకే యెత్తు. గ్రామమున మాంసము మర్యాదను కొలుచు తూనిక కాగా, వీథిలో నది ఆకలిని తీర్చు పదార్థముగా మాఱినది. నగరము మనుష్యునికి చేసిన మేలులలో నిది చిన్నది కాదు.

ఆ నగరము 1010లో లీ వంశస్థాపకుడు రాజధానిని మార్చుటతో వెలసినది. దానికి థాంగ్ లాంగ్, అనగా పైకెగయు నాగము, అని పేరు పెట్టిరి. కోటకు తూర్పున వృత్తిపనివారు కుదురుకొని, ఒక్కొక్క వీథిలో నొక్కొక్క సరకు చేసి అమ్మిరి. ముప్పదియాఱు వీథులని వాటికి ప్రసిద్ధి. ఆ పేర్లలో నేటికిని మన భోజనపు దినుసులన్నియు వినబడును. హాంగ్ థాన్ అనగా బొగ్గుల వీథి. హాంగ్ మువోయి ఉప్పు వీథి. హాంగ్ మామ్ ఉప్పుచేపల, చేపనీటి వీథి. చేపనీరు, వారి నుయోక్ మామ్, మనకు పరిచయము లేనిది. చిన్నచేపలను ఉప్పుతో కలిపి కొయ్యతొట్లలో సుమారొక సంవత్సరము ఊరనిచ్చి, అడుగునుండి దింపుకొను తేట అది. మన ఊరగాయకువలె దానికిని కాలమే వంటవాడు. ఉప్పు లేనిచోట నదియే ఉప్పు. పప్పు లేనిచోట నదియే పుష్టి.

ఇక కావడి. మన గ్రామములలో పాలకావడి, నీళ్లకావడి యెట్లో, హనోయిలో భోజనపు కావడి యట్లు. వెదురుబద్దకు అటొక గంప, ఇటొక గంప. ఒకవైపు కుంపటియు బొగ్గులును. రెండవవైపు సేమియా, ఆకుకూరలు, గిన్నెలు, మాంసము, ఒకటిరెండు పీటలు. భుజముపైనుండి దించిన క్షణమున అది భోజనశాల. ఎత్తిన క్షణమున వీథి వీథిగానే యుండును. దీనిని మోయువారిలో అత్యధికులు స్త్రీలు. నగరము చుట్టునున్న పల్లెలనుండి తెల్లవాఱకముందే బయలుదేఱి వచ్చువారు. పొలముపని తీఱినవేళ బిడ్డల చదువునకు, వరివిత్తనమునకు రొక్కము తెచ్చిన దీ కావడియే.

రేడియో వినువారికి ఆసక్తి కలిగించు సంగతి యొకటి ఇచట చెప్పవలెను. ఈ అమ్మకపు స్త్రీలు ఒక్కొక్క సరకున కొక్కొక్క రాగముతో కేకలు వేయుదురు. వియత్నాము భాషయందు ఒకే అక్షరమునకు ఆఱు స్వరములు. స్వరము మాఱిన అర్థము మాఱును. కనుక వీథికేక సహజముగనే పాటవలె నుండును. 1929లో ఎఫ్. ద ఫెనిస్ అను ఫ్రెంచివాడు హనోయి వీథివర్తకుల కేకలను స్వరలిపిలో వ్రాసి, అచటి చిత్రకళాశాల విద్యార్థుల చిత్రములతో నొక పుస్తకముగా ప్రకటించెను. ఆ పుస్తకమే లేనిచో ఆ ధ్వనులలో పెక్కు గాలిలో కలిసిపోయి యుండెడివి. నేడు హనోయి వీథులలో కేకకు బదులు ముందుగానే ముద్రించుకొన్న ధ్వని చిన్న యంత్రమునుండి వినిపించుట కలదు. గొంతు అలసట తగ్గినది. గొంతుతో కూడ మనిషి ఎవరో తెలియుట తగ్గినది.

ఆ కాలముననే వియత్నాము రచయితలు తమ వీథిభోజనమును సాహిత్యవస్తువుగా గ్రహించిరి. ఫ్రెంచి ప్రభుత్వము 1887లో ఇండోచైనా సమాఖ్యను నెలకొల్పి, హనోయిని తదనంతరము రాజధానిగా చేసికొనినది. దొరలు రొట్టెయు ద్రాక్షసారాయమును నాగరకత యనుచుండగా, థాక్ లామ్ అను యువరచయిత తన నగరపు తినుబండారములను గూర్చి మెల్లని గొంతుతో వ్యాసములు వ్రాసెను. అందులో బున్ చాకు సముచితస్థానము కలదు. అతడు 1942లో క్షయవ్యాధితో చిన్నవయస్సుననే మరణించగా, ఆ వ్యాసములు 1943లో పుస్తకరూపమున వెలువడినవి. పరాయిపాలనలో నున్న జాతికి తన వీథిలోని పొగను ప్రేమించుటయు నొక స్వాభిమానమే.

దక్షిణమునకు పోయినకొలదియు కథ మనవైపు తిరుగును. నెమ్ నుయోంగ్ పుట్టినిల్లుగా చెప్పుకొను ఖాన్ హోవా ప్రాంతము పూర్వము వియత్నాము కాదు, చంపారాజ్యములోని కౌఠారమండలము. న్యా ట్రాంగులో పో నగర్ దేవి ఆలయము నేటికిని నిలిచియున్నది. ఆ సమీపముననే వో కాన్ గ్రామమున దొరకిన సంస్కృతశాసనము ఆగ్నేయాసియాలోని మిక్కిలి ప్రాచీన సంస్కృతశాసనములలో నొకటి. దాని కాలము రెండవ శతాబ్దికిని అయిదవ శతాబ్దికిని నడుమ అని పండితులు వాదించుకొనుచున్నారు. దాని లిపిని మన శాతవాహన, ఇక్ష్వాకు శాసనముల లిపితో పోల్చినవారు కలరు. నాగార్జునకొండ అక్షరములు చూచిన కన్నులకు ఆ శాసనము బొత్తిగా పరాయిది కాదన్నమాట. చంపాదేశపు ఉత్తరమండలమునకు అమరావతి యను పేరుండుటయు మనము మఱవరానిది. వో కాన్ శాసనమున నొక రాజు తన వెండిబంగారములను, స్థావరజంగమములను, ధాన్యపుకొట్టును తనవారి ప్రియమునకును హితమునకును విడిచిపెట్టుచున్నట్లు చెప్పుకొనెను. పంచుకొని తిను భోజనమునకు పేరుపడిన ఆ సీమలో మిగిలిన మొదటి వ్రాతయు పంపకమును గూర్చినదే యగుట కాకతాళీయమే. అయినను ముచ్చటైన కాకతాళీయము.

1653లో న్గుయెన్ ప్రభువులు ఆ సీమను జయించి తమవారిని కుదుర్చిరి. ఉత్తరమునుండి వచ్చిన రైతులు తమ పందులను, వరిని, వంటను తెచ్చుకొనిరి. అచట చాములు మిగిలియుండిరి. ఓడలలో చీనావారు వచ్చుచుండిరి. మిరపయు వేరుసెనగయు అమెరికా ఖండమునుండి పదునాఱవ శతాబ్ది మొదలుకొని ఐరోపా నౌకలవలన ఆసియాకు చేరినవి. గుంటూరు మిరపకును, రాయలసీమ వేరుసెనగకును ఆ నౌకలే మూలము. నిన్ హోవాలో మాంసముతో నంజుకొను చిక్కని పచ్చడిలో జిగటబియ్యము, వేరుసెనగ చేరుటచూడగా, ఒక గిన్నెలో ఎన్ని సముద్రములు కలిసినవో తెలియును.

ఆ బియ్యపురేకును గూర్చి తెలుగువారికి విడమఱచి చెప్పనక్కఱలేదు. ఆత్రేయపురము పూతరేకును చూచినవారు దాని చెల్లెలిని గుర్తింపగలరు. మనవారు బోర్లించిన కుండపై పలుచని పిండిని పూసి, క్షణములో రేకు తీయుదురు. వారు మరుగు నీటికుండ మూతికి గుడ్డ బిగించి, ఆవిరిపై పిండి పఱచి, ఉడికిన రేకును వెదురుతడికపై ఎండలో ఆఱబెట్టుదురు. ఎండిన రేకుపై తడిక అల్లిక అచ్చుపడి కనబడును. మనము దానిలో బెల్లమో చక్కెరయో నేయియో పెట్టి మడచితిమి. వారు ఆకును మాంసమును పెట్టి చుట్టిరి. రెండుచోట్లను బియ్యమును కాగితమంత పలుచన చేసిన దాడువారి చేతులే.

ఇంతవఱకు రుచి కథ. ఇక కన్నీటి కథ. 1944 చివరినుండి 1945 నడిమివఱకు ఉత్తర వియత్నామును ఘోరక్షామము పీడించినది. దేశము జపాను సేనల యధీనమున, ఫ్రెంచి పాలకుల నిర్వహణమున నుండెను. వరిని బలవంతముగా సేకరించిరి. కొన్ని పొలములలో వరికి మాఱుగా జనుము వేయించిరి. యుద్ధమువలన దక్షిణమునుండి ధాన్యము తెచ్చు దారులు తెగిపోయెను. తుపానులు, వఱదలు తోడయ్యెను. మరణించినవారి సంఖ్యను నాలుగు లక్షలనుండి ఇరువది లక్షలవఱకు భిన్నభిన్నముగా చెప్పుదురు. 1943 బంగాళక్షామమును తలచుకొన్న భారతీయునికి ఈ దృశ్యము వర్ణింప నవసరము లేదు. పల్లెలనుండి కావడితో అమ్మకమునకు వచ్చిన వీథులకే, అదే పల్లెలనుండి ఆకలితో ప్రాణములు బిగబట్టుకొని జనులు వచ్చి, కాలిబాటలపై ఒరిగిపోయిరి. ఆ తరమువారికి గిన్నెలో ఒక మెతుకు విడుచుట పాపమైనది. గుప్పెడు మాంసమును నలుగురికి చాలునట్లు ఆకుతో, బియ్యముతో పెంచుకొను వంటలో ఈ స్మృతియు నిండియున్నది.

1954 జూలైలో జెనీవా ఒడంబడికవలన దేశము పదునేడవ అక్షాంశమునొద్ద రెండు ముక్కలైనది. ఎనిమిది లక్షలకు పైగా జనులు ఉత్తరమును వీడి దక్షిణమునకు తరలిరి. ఒడంబడిక అమలును పర్యవేక్షించు అంతర్జాతీయ సంఘమునకు భారతదేశము అధ్యక్షతవహించెను. కెనడా, పోలండు సభ్యదేశములు. ఆ అక్టోబరులోనే ప్రధాని నెహ్రూ హనోయి దర్శించెను. పర్యవేక్షకులు సరిహద్దులను లెక్కించుచుండగా, ప్రజలు తమతో కొనిపోగలిగినది చేతివంట మాత్రమే. ఫో అను నూడుల్సు పులుసును, బున్ చాయును ఆ జనప్రవాహముతోనే సైగాను వీథులలో వ్యాపించినవి. అట్లు తరలినవారిలో వూ బాంగ్ అను రచయిత యొకడు. భార్యను హనోయిలో విడిచి అతడు సైగాను చేరెను. 1960లో హనోయి రుచులపై నొక పుస్తకము, 1972లో పండ్రెండు నెలల జ్ఞాపకములపై మఱియొక పుస్తకము ప్రకటించెను. రెండవదానిని వ్రాయుచుండగనే, 1967లో, భార్య ఉత్తరమున మరణించెను. అతడు వర్ణించినది మాంసమును కాదు, ఆకును కాదు. ఎదుటి పీటపై కూర్చుండవలసిన మనిషి లేకుండుటను.

యుద్ధము 1975లో ముగిసినది. దేశమేకమైనది. కాని భోజనపు బల్ల వెంటనే నిండలేదు. ఉత్తరమున అప్పటికే నడచుచున్న కూపనుల పద్ధతి దేశమంతటికి వ్యాపించినది. సామాన్యోద్యోగి కుటుంబమునకు మాంసము నెలకు కొలది తునకలుగా లభించెడిది. దుకాణము ముందు వరుసలో తమ స్థానమును నిలుపుకొనుటకై ఇటుకనో బుట్టనో ఉంచిపోవుట ఆనాటివారందఱును చెప్పుకొను జ్ఞాపకము. హనోయిలో బహుళాంతస్తుల వసతిగృహములందు స్నానపుగదులలో పందులను పెంచిన కుటుంబములు, అందులో ఆచార్యుల కుటుంబములును గలవు. ఆచార్యుడు పందిని పోషించుచున్నాడా, పంది ఆచార్యుని పోషించుచున్నదా యను పరిహాసము పుట్టినది ఆనాడే. పాఠకులు నవ్వుదురుగాక, ఆ పంది ధరతో బిడ్డల ఫీజులు కట్టినవారికి అది నవ్వులాట కాలేదు. అదే కాలమున లక్షలకొలది జనులు చిన్నపడవలలో దేశము విడిచిరి. సముద్రముపై ప్రాణములు దక్కినవారు అమెరికా, ఆస్ట్రేలియా, ఫ్రాన్సు నగరములలో మరల కుంపటి రాజవేసికొనిరి. కాలిఫోర్నియాలోని వియత్నాము పేటలందు నెమ్ నుయోంగ్ నేడు వారి బిడ్డలకు మాతృభాషవలె నున్నది.

1986 డిసెంబరులో దోయి మొయి, అనగా నవీకరణము, అను ఆర్థికవిధానము ప్రకటింపబడినది. స్వంత వ్యాపారమునకు చోటు దొరకినది. కొలది యేండ్లలో కూపనులు పోయినవి. కాలిబాటలు పీటలతో నిండినవి. పెద్ద పెట్టుబడి లేనివారికి ఒక కుంపటి, అఱడజను పీటలు, అత్తగారు నేర్పిన పులుసు చాలినవి. నలుబది యేండ్లుగా ఆకలి యెఱిగిన నగరము బయట కూర్చుండి, బహిరంగముగా, కలిసి తినుటకు మొదలుపెట్టినది. వీథిభోజనమును చూచి ముచ్చటపడు విదేశయాత్రికులు ఈ సంతోషము వెనుకనున్న వ్యయమును తెలిసికొనుట మంచిది.

అయినను కావడికి కష్టములు తీఱలేదు. నగరము సంపన్నమైనకొలదియు కాలిబాట యెవరిదను ప్రశ్న లేచినది. 2008 జూలై 1 మొదలు హనోయి నగరపాలనము 62 వీథులలోను, 48 ముఖ్యస్థలములలోను తిరుగు అమ్మకమును నిషేధించినది. శుభ్రత, రాకపోకల సౌకర్యము కారణములుగా చెప్పబడినవి. అవి కారణములు కాకపోలేదు. నడచువానికి దారి కావలెను. పొగ పీల్చువానికి గాలి కావలెను. కాని పల్లెనుండి వచ్చిన స్త్రీకి ఆ వీథియే పొలము. రక్షకభటుల బండి కనబడగానే కావడి ఎత్తుకొని సందులోనికి పరుగిడుట, బండి పోగానే మరల దించుట ఆమె దినచర్యలో నొక భాగమైనది. మన పట్టణములలో తోపుడుబండ్లవారి సంగతి యెఱిగిన మనకు ఇది దూరదేశపు వార్తగా తోచదు.

2019 ఫిబ్రవరిలో ఆఫ్రికా పందిజ్వరము వియత్నామున బయటపడినది. మనుష్యులకు అంటని వ్యాధియే. కాని పందులకు ప్రాణాంతకము. ఆ యొక్క సంవత్సరములోనే సుమారు అఱువది లక్షల పందులను చంపి పూడ్చవలసి వచ్చినది. పెద్ద సంస్థలు కోలుకొనగలిగినవి. పెరటిలో మూడునాలుగు పందులను పెంచు ఇల్లాలి రొక్కపు డిబ్బి మాత్రము పగిలిపోయినది. వేలయేండ్ల పెరటిపెంపకము నుండి దేశము వేగముగా మరలుచున్నది. కుంపటిమీది ముక్క రేపును ఉండును. దాని వెనుక పెరడు ఉండునా యనునది సందేహము.

చివరగా ఒక బల్ల కథ చెప్పి ముగించెదను. 2016 మే నెలలో అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా హనోయి వచ్చినపుడు, ఆంథొనీ బూర్డెయిన్ అను ప్రసిద్ధ వంటవాడు అతనిని ఒక సామాన్యపు బున్ చా దుకాణమునకు కొనిపోయెను. ఇద్దఱును మెట్లెక్కి, చిన్న బల్లయొద్ద ప్లాస్టిక్ పీటలపై కూర్చుండి తినిరి. ఇద్దఱికిని కలిపి ఆఱు డాలర్లే యైనదని బూర్డెయిన్ పిదప తెలిపెను. ఒకనాడు బాంబుల వర్షము కురిపించిన దేశపు అధ్యక్షుడు, ఆ బాంబులు పడిన నగరమున, జానెడు పీటపై కూర్చుండి తినుట చరిత్రలో చిన్న సంగతి కాదు. 2018లో బూర్డెయిన్ మరణించెను. దుకాణమువారు ఆ బల్లను, గిన్నెలను, పీటలను అట్లే యుంచి చుట్టును అద్దము బిగించిరి. జనులు వచ్చి చూచిపోవుచున్నారు.

వారి అభిమానమును నేను కాదనను. కాని హనోయిలో బల్ల లన్నింటను ఎవరును కూర్చుండరాని బల్ల ఇప్పు డది యొక్కటే. దాని ప్రక్కబల్లపై ఆ మధ్యాహ్నమే నలుగురు అపరిచితులు మోకాళ్లు సర్దుకొని, ఆకుకూరల పళ్లెమును ఒకరివైపు నొకరు జరుపుకొనుచుందురు. చరిత్ర ఎక్కడ నున్నదని అడిగినవారికి నేను ఆ ప్రక్కబల్లనే చూపెదను.